తేదీ వేసే సీను

మా మామగారితో సినిమాకి వెళ్లడం కన్నా ఆడిట్ వాళ్లతో పిక్నిక్‌కి వెళ్లడం హాయి. హాల్లో దీపాలు ఆరగానే లోకమంతా పాప్‌కార్న్ పొట్లాం విప్పుకుంటుంది. ఆయన మాత్రం జేబులోంచి చిన్న టార్చి, నోటు పుస్తకం తీస్తారు. తెర మీద ఎవరో ప్రాణం విడుస్తూ ఉంటారు, మా వరసలో టార్చి వెలుగుతుంది, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆయనెవరో నాకు తెలియనట్టు నేను పైట సర్దుకుంటాను.

అని లాభం లేదు. ముప్ఫై ఆరేళ్లు లక్నో సచివాలయంలో పనిచేసిన మనిషి, అందులో తొమ్మిదేళ్లు ఒక మంత్రిగారికి వ్యక్తిగత కార్యదర్శి. లోకంలో ఉన్నదంతా ఆయన లెక్కలో ఫైలే. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి పప్పు తిని, "చూడడమైనది. ఉప్పు విషయం పునరాలోచించవచ్చు" అన్నారు. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా ఆయన చేతి మీదుగానే పోవాలి, పోతూ పోతూ దాని మీద తేదీ పడాలి. గ్యాసు రశీదు, పెళ్లి శుభలేఖ, మా అమ్మాయి ఒకటో తరగతిలో గీసిన ఏనుగు, దేనికైనా సరే కుడివైపు అడుగున తేదీ ఉంటుంది. ఇప్పుడు ఆయనకి డెబ్బై తొమ్మిది. చెయ్యి వణుకుతుంది. రెండు వాక్యాలు రాసేసరికి అక్షరాలు చెదిరిన చీమల బారులా తలో దిక్కుకీ పోతాయి. తేదీ మాత్రం ఇప్పటికీ అచ్చు వేసినట్టు వేస్తారు.

ఇక తప్పు చెయ్యడమన్నది ఆయన జాతకంలో లేదు. పొయ్యి దగ్గర తనే నిలబడి పాలు పొంగించినా, "కింది సెక్షన్‌లో ఏదో పొరపాటు జరిగినట్టుంది" అంటారు. మా ఇంట్లో కింది సెక్షన్ అంటే నేనే.

మా ఆయన కరెంటు ఆఫీసు ఉద్యోగం మీద సీతాపూర్‌లో ఉంటారు. శనివారం వస్తారు, ఆదివారమంతా నిద్రపోతారు. కాబట్టి బాబూజీకి, అంటే మా మామగారికి, గుమాస్తాని కూడా నేనే. మా ఊరి హిందీ పత్రికలో 'మీరే సమీక్షకులు' అని ఒక శీర్షిక ఉంది. పత్రికలో వచ్చిన ఫారం కత్తిరించి, పై గడిలో సినిమా బలాలు, కింది గడిలో బలహీనతలు రాసి, అడుగున సంతకం చేసి పంపాలి. బాగుంటే రాసినవాళ్ల ఫొటోతో సహా వేస్తారు. బాబూజీ ఇప్పటికి పదిహేడు సినిమాలకి పంపారు, నా చేతిరాతతో. ఒక్కటీ రాలేదు. పదిహేడుసార్లూ పత్రికాఫీసు కింది సెక్షన్‌లోనే పొరపాటు జరిగింది.

పద్దెనిమిదో సినిమా పేరు 'ఐదో అంతస్తు'. ఐదో అంతస్తంటే ముఖ్యమంత్రి కూర్చునే చోటని మా ఊళ్లో రిక్షావాడికి కూడా తెలుసు. రెండు గంటల యాభై నిమిషాల రాజకీయ చిత్రం. శుక్రవారం మధ్యాహ్నం ఆటకి ముగ్గురం వెళ్లాం: బాబూజీ, నేను, మంత్రీజీ.

మంత్రీజీ అంటే బాబూజీ ఒకప్పుడు కొలువు చేసిన ఆ మంత్రిగారే, విక్రమాజీత్ సింగ్. సాగునీటి శాఖ. పదవి పోయి ముప్ఫై నాలుగేళ్లయినా పేటలో అందరూ ఆయన్ని మంత్రీజీ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతారు. వయసు ఎనభై నాలుగు. ప్రతి ఆదివారం బ్యాటరీ రిక్షాలో మా ఇంటికి వస్తారు. వచ్చి గేటు ముందు నిలబడతారు. గడియ తీయడం ఆ చేతులు ఎప్పుడూ నేర్చుకోలేదు. ఎవరైనా వెళ్లి తీసేదాకా మోచెయ్యి కూడా కదపకుండా, పోలీసు వందనం కోసం ఆగినట్టు ఆగుతారు.

ఆయన పదవి ఎలా పోయిందో ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే నాకు తెలుసు. అప్పటి ముఖ్యమంత్రి హరిబక్ష్ బాబు, ఈయనా ప్రాణస్నేహితులు. ఎమర్జెన్సీలో జైల్లో ఒకే బారక్‌లో ఉండి ఒకే కంబళి కప్పుకున్నవాళ్లు. ఆ ప్రభుత్వానికి మెజారిటీ ముగ్గురంటే ముగ్గురు. ఎవరు ఎప్పుడు గోడ దూకుతారోనని హరిబక్ష్ బాబు మంత్రులందరి దగ్గరా తేదీ లేని రాజీనామాలు రాయించుకుని పెట్టుకున్నారు. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. మంగళవారం పొద్దున మంత్రీజీ కూడా సంతకం పెట్టి, కాలవ చూడడానికి బస్తీ జిల్లాకి బయల్దేరారు. గురువారం అక్కడి డాక్ బంగళాలో టీ తాగుతుండగా రేడియోలో విన్నారు, ఆయన రాజీనామా ఆమోదం పొందిందని, తేదీ మంగళవారానిదని.

తిరిగొచ్చి స్టేషన్లోనే మైకు పట్టుకున్నారు. హరిబక్ష్ తన చేత్తో తేదీ వేసి వెన్నుపోటు పొడిచాడని అరిచారు. హరిబక్ష్ బాబు ఆఖరిదాకా ఒకటే మాట అన్నారు, "ఆ కాగితం తేదీతోనే నా దగ్గరికి వచ్చింది" అని. ఎవరూ నమ్మలేదు. అంతకుముందు ఆయన చెప్పిన మాటల చరిత్ర అలాంటిది. మంత్రీజీ పార్టీ వదిలేశారు, రెండు ఎన్నికలు ఓడిపోయారు, ఇంట్లో కూర్చున్నారు. పదకొండేళ్ల కిందట హరిబక్ష్ బాబు ఆస్పత్రి మంచం మీద నుంచి కబురు పెడితే వెళ్లలేదు. శ్మశానానికీ వెళ్లలేదు. ఇప్పటికీ ప్రతి జూన్‌లో హరిబక్ష్ బాబు కొడుకు మలీహాబాద్ తోటనుంచి దసెహరీ మామిడిపళ్ల పెట్టె పంపుతాడు. మూత తీయకుండానే మంత్రీజీ గేటు దగ్గరనుంచి అది వెనక్కి పోతుంది.

సరిగ్గా ఇంటర్వెల్ ముందు, తెర మీద ముఖ్యమంత్రి వేషగాడు గదిలో ఒంటరిగా ఉంటాడు. సొరుగు లాగుతాడు. స్నేహితుడి తేదీ లేని రాజీనామా తీస్తాడు. పెన్ను మూత తీస్తాడు, ఉరుము ఉరుముతుంది. తేదీ వేస్తాడు, మెరుపు మెరుస్తుంది. మంత్రీజీ బాబూజీ మోచెయ్యి పట్టుకుని, "చూడండి నిగమ్ బాబూ, చూడండి" అన్నారు. బాబూజీ టార్చి ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం మేడ మీద ఎండలో కూర్చున్నాం. ఫారం ఇవ్వడానికి సోమవారం ఆఖరు. నా ముందు చాటలో మూడు కిలోల పచ్చి బఠాణీలు, మోకాలి మీద అట్ట, దాని మీద ఫారం. జనవరి వచ్చిందంటే మా ఊళ్లో ఆడవాళ్ల వేళ్లు బఠాణీ తొక్కల రంగులోకి తిరుగుతాయి. రాయడం, ఒలవడం, మధ్యలో టీ. ఇరవై నాలుగేళ్లుగా ఇదే, సినిమా పేరు ఒక్కటే మారుతుంది.

"బలాలు. ఒకటి," అన్నారు బాబూజీ కళ్లు మూసుకుని. "అసెంబ్లీ వరండా సన్నివేశాలు వాస్తవికంగా ఉన్నవి. ముఖ్యంగా ఉమ్మితొట్టి."

"ఉమ్మితొట్టి రాయమంటారా?"

"రాయి. ఎవరూ గమనించరు. రెండు, భర్త పోయాక ఎమ్మెల్యే అయిన ఆవిడ పాత్ర. మొదటి రోజు సభలో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోతుంది చూడు, అది బాగుంది."

"ఆవిడ తర్వాత మరీ ఎక్కువ మాట్లాడింది," అన్నారు మంత్రీజీ.

"మీరు మాట్లాడలేదా సభలో?"

"నేను ఎక్కువే మాట్లాడాను. కానీ ఎవరూ వినలేదు. సినిమాలో అందరూ విన్నారు. అది బలహీనతల్లో వెయ్యండి."

బలహీనతలు చాలానే తేలాయి. ఫైళ్లన్నీ కొత్తవి, ఒక్కదానికీ చెవులు మడతపడలేదు. హోళీ పాట అనవసరం. సభలో జనం సరిగ్గా చప్పట్లు కొట్టాల్సిన చోటే కొడతారు. అన్నిటికన్నా పెద్దది బాబూజీ చెప్పారు: "రాజకీయమంటే మూడొంతులు ఎదురుచూడడం. ఈ సినిమాలో ఎవరూ ఎవరికోసమూ వరండాలో కూర్చోలేదు." మంచి మాట. పదిహేడు సమీక్షల్లో ఇంత మంచి మాట చెప్పలేదు. దాని కింద నేను నా తరఫున ఒకటి చేర్చాను: సినిమా అంతటా నాలుగువందల కప్పుల టీ తాగారు, కడిగేవాళ్లు ఒక్కరూ కనపడలేదు. గుమాస్తా కూడా మనిషే.

"ఇక అసలుది," అని మంత్రీజీ శాలువా సర్దుకున్నారు. "రాయి బహూ. బలాలు, మూడు. ముఖ్యమంత్రి తేదీ వేసే సీను. అక్షరం పొల్లు పోకుండా తీశారు."

ఆయనకీ నేను బహూనే, కోడల్నే. పెన్ను పై గడిలోకి తీసుకెళ్లాను.

"అది కింద గడిలోది," అన్నారు బాబూజీ.

"ఏమిటీ?"

"నమ్మబుద్ధి కాదు మంత్రీజీ. బలహీనత."

మా ఊళ్లో పోట్లాటలు కూడా మీరు, తమరు అనుకుంటూనే జరుగుతాయి. అందుకే ఎక్కడ మొదలయ్యాయో కనిపెట్టడం కష్టం. మంత్రీజీ నోట్లో వేసుకోబోయిన బఠాణీ గింజని చాటలో తిరిగి పెట్టేశారు.

"నాకు జరిగింది నమ్మబుద్ధి కాదా తమకి?"

"సాంకేతికంగా చెప్తున్నాను. ముఖ్యమంత్రి తన సొరుగు తను తియ్యడు. తాళం ఆయన దగ్గర ఉండదు. తేదీ తను వెయ్యడు. ఏ మంత్రీ వెయ్యడు. మీరెప్పుడైనా వేశారా?"

"నా సంగతి కాదు. నాకు మీరున్నారు."

"అదే. ఆయనకీ ఒకరు ఉంటారు."

"దొంగపని చేసేటప్పుడు పక్కన గుమాస్తాని పెట్టుకుంటారా నిగమ్ బాబూ? ఆ సీను ఒక్కటే ఆ సినిమాలో నిజం."

"ఉరుము సంగతి?"

"ఉరుము తీసెయ్యండి. మిగతాది నిజం."

పెన్ను రెండు గడుల మధ్య ఉన్న గీత మీద ఆపి కూర్చున్నాను. ఎండ పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక్కి జారుతోంది. లోపల మా ఆయన గురక వినిపిస్తోంది. ఇద్దరు ముసలివాళ్లు ఒక్క వాక్యం ఏ గడిలో పడాలో తేల్చుకోలేకపోతే నా బఠాణీలు చీకటి పడ్డాక కూడా అవ్వవు.

అప్పుడు మంత్రీజీ గొంతు తగ్గించి మాట్లాడారు. మైకులో మాట్లాడిన గొంతు కాదది.

"చూడండి. నాకింక ఎన్నాళ్లు? ముప్ఫై నాలుగేళ్లు అరిచాను, ఒక్క పత్రిక కూడా 'ఆరోపించారు' అనకుండా రాయలేదు. ఇప్పుడు ఒక సినిమా చూపించింది. దాని కింద మీ పేరుతో ఒక్క వాక్యం పడితే చాలు. 'ఇది నిజంగా జరిగింది, నేను అప్పటి కార్యదర్శిని, నాకు తెలుసు.' నా మాట నమ్మరు, నేను రాజకీయ నాయకుణ్ణి. మీ మాట నమ్ముతారు. మీరు జీవితంలో ఏ ఫైల్లోనూ అబద్ధం నోట్ పెట్టలేదని సచివాలయంలో గోడలకి కూడా తెలుసు. ఈ ఒక్కటీ చెయ్యండి, నేను ప్రశాంతంగా పోతాను."

బాబూజీ కళ్లజోడు తీసి శాలువా అంచుతో తుడిచారు. అప్పటికే తుడిచి ఉన్న కళ్లజోడది.

"బహూ, వాక్యం రాయి," అన్నారు మంత్రీజీ.

నేను మామగారి వంక చూశాను. వద్దనలేదు. రాయమనీ అనలేదు. ఫారం అడుగున చోటు ఉంది. మంత్రీజీ చెప్పినట్టే వాక్యం రాశాను, పై గడికీ కింది గడికీ సంబంధం లేకుండా.

మంత్రీజీ పెన్ను తీసుకున్నారు. "ముందు నేను సంతకం పెడతాను, బాధితుడిగా. పక్కన మీరు పెట్టండి, సాక్షిగా." ఇప్పటికీ ఆయన సంతకం పెద్దది, కాగితంలో సగం తినేస్తుంది. పెట్టి, ఫారం, పెన్ను బాబూజీకి అందించారు. "తేదీ మాత్రం ఇప్పుడు వద్దు. ఖాళీగా ఉంచండి. రేపు ఇచ్చేటప్పుడు వేసుకుందాం."

బాబూజీ ఫారం ఒళ్లో పెట్టుకున్నారు. సాక్షి అన్న చోటు వంక చాలాసేపు చూశారు. పెన్ను పట్టుకున్న చెయ్యి వణికింది. అక్కడికి పోలేదు. కాస్త ఎడమకి జరిగి, మంత్రీజీ సంతకం కింద ఆగింది, వణుకు ఆగిపోయింది, అచ్చు వేసినట్టు ఆ రోజు తేదీ వేసింది.

వేసిన తర్వాత చూసుకున్నారు.

మేమూ చూశాం. సంతకం కింద తేదీ, తడి ఆరలేదు. కింద వీధిలో వేరుశనక్కాయలవాడు అరుచుకుంటూ పోయాడు, అరుపు మలుపు తిరిగి ఆగిపోయింది.

"వద్దన్నాను కదా," అన్నారు మంత్రీజీ. కోపంగా కాదు. ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు.

"అన్నారు," అన్నారు బాబూజీ. "అప్పుడూ అన్నారు."

మంత్రీజీ తలెత్తి చూశారు.

"ఆ మంగళవారం పదకొండింటి రైలు మీది. నిలబడే సంతకాలు పెట్టారు, అరవై రెండు కాగితాలు. మీరు సంతకం పెడుతూ ఇస్తున్నారు, నేను తేదీ వేస్తూ పక్కన పెడుతున్నాను. ఆ రాజీనామా కాగితం దగ్గర, దీనికి వద్దు, ఖాళీగా ఉంచండి అన్నారు. విన్నాను. చెయ్యి వినలేదు. కవరులో పెట్టి, సీలు వేసి, పంపించేశాను. గురువారం రేడియో విన్నాక కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను. నా అంకెలే."

"గురువారం..." అన్నారు మంత్రీజీ.

"చెప్పాలనే స్టేషన్‌కి వచ్చాను. రైలు దిగేసరికి రెండు వేల మంది. దండలు. మీరు మైకు తీసుకున్నారు. చెప్పేశారు." బాబూజీ ఫారం అంచు మడత పెట్టారు, విప్పారు. "ఆ తర్వాత చెప్పే సందు దొరకలేదు."

"ముప్ఫై నాలుగేళ్లలో?"

"ప్రతి ఆదివారం మీరు వస్తారు. ప్రతి ఆదివారం ఇవాళ చెప్దామనుకుంటాను. మీరు టీ తాగి వెళ్లిపోతారు. మళ్లీ ఆదివారం వస్తుంది." ఆగారు. "అందులో కింది సెక్షన్ ఎవరూ లేరు మంత్రీజీ. నేనే."

నా చేతిలో బఠాణీ కాయ చీలి ఉంది. గింజలు తీయాలని తోచలేదు. పేట అంతా ఈయన నిజాయితీ గురించి చెప్పుకుంటుంటే, వంటింట్లో నేను ఒక్కదాన్నే లోలోపల నవ్వుకునేదాన్ని. పాలు పొంగించి ఒప్పుకోని మనిషి, ఇంత దాన్ని ఎలా మోశాడు?

మంత్రీజీ లేచి వెళ్లిపోతారనుకున్నాను. గేటు గడియ నేను తీయాలా, ఆయనే తీసుకుంటారా అని కూడా ఆలోచించాను, మనసు ఎంత అల్పమైనదో చూడండి. ఆయన లేవలేదు. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఎనభై నాలుగేళ్ల మనిషి ఎనభై నాలుగేళ్లూ ఒకేసారి అయినట్టు కనిపించారు.

కళ్లు మూసుకునే, "తేదీ వేసిన రాజీనామా చేతికి వచ్చింది హరిబక్ష్‌కి," అన్నారు, తనలో తను లెక్క కట్టుకుంటున్నట్టు. "అంతకు ముందు రోజే కాలవ గురించి ఇద్దరం వాదించుకున్నాం. నేను కోపంతో నిజంగానే రాజీనామా పారేసి పోయాననుకున్నాడు. వాడికీ కోపం వచ్చింది. పోతే పోనీ అని ఆమోదించాడు."

"అలాగే అయి ఉంటుంది," అన్నారు బాబూజీ.

"ముందు వాణ్ణి వదిలేసింది నేననుకున్నాడు."

మంత్రీజీ శాలువా ముందుకి లాక్కున్నారు.

"ఆస్పత్రి నుంచి కబురు పెట్టినప్పుడు, ఎందుకు పోయావో అడుగుదామని పిలిచి ఉంటాడు." మంత్రీజీ కళ్లు తెరిచి బాబూజీ వంక చూశారు. తిడతారని చూశాను. ఆయనకి అంత ఓపిక మిగిలినట్టు లేదు. "మీరు చెయ్యి జారి ఒక తేదీ వేశారు నిగమ్ బాబూ. తర్వాతిదంతా మీరు వెయ్యలేదు."

బాబూజీ తల దించుకునే ఉన్నారు.

"బహూ," అన్నారు మంత్రీజీ. "ఆ కింది వాక్యం కొట్టెయ్యి. సంతకంతో సహా."

కొట్టేశాను. తేదీ మీదికి వచ్చేసరికి పెన్ను ఆగింది. అది కూడా కొట్టేశాను.

"ఆ సీను కింద గడిలో రాయి. బలహీనతల్లో."

రాశాను. పక్కన రెండు చుక్కలు పెట్టి ఆగాను. పత్రికవాళ్లు ప్రతి బలహీనతకీ కారణం అడుగుతారు. బాబూజీ ఏదో ఒక సాంకేతిక కారణం చెప్తారని చూశాను, తాళమో, సొరుగో. ఆయన మంత్రీజీ వంక చూశారు.

"కారణం ఏమని రాయను మంత్రీజీ?"

ఆయన చాటలోంచి ఇందాక తిరిగి పెట్టిన గింజని వెతికారు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకుని అరచేతిలో ఉంచుకున్నారు.

"హరిబక్ష్ నిజమే చెప్పాడు," అన్నారు. "వాడు ఎన్నిసార్లు చెప్పినా నేనే వినలేదు. తప్పు నాదని రాయి."